గేరు పడకపోతే గేరు బాక్సు విప్పాలా?

బాడుగ కారు మీద బతికే ఇళ్ళు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. కొందరు సంఘంలో అప్పు తీసుకుని పాత కారు కొంటారు. కొందరు ఫైనాన్సులో కొంటారు. కారు తిరిగితేనే నెల నెలా కంతు కట్టేది. కారు షెడ్డులో ఉంటే ఆ నెల కంతు నెత్తి మీద కూర్చుంటుంది.

ఇప్పుడు కారు నడిపే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. భర్తో కొడుకో నడుపుతుంటే ఇంట్లో లెక్క చూసుకునే ఆడవాళ్ళు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. షెడ్డు బిల్లు వచ్చేది చివరికి మీ చేతికే.

ఒకరోజు "గేరు సరిగా పడట్లేదు" అనే మాట వస్తుంది. గేరు వేస్తుంటే గట్టిగా ఉంటుంది. లేదా గరగరమని శబ్దం వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "గేరు బాక్సు పోయింది, విప్పాలి" అని. గేరు బాక్సు విప్పడం అంటే వేలల్లో ఖర్చు.

గేరు పడనంత మాత్రాన గేరు బాక్సు పోయినట్టేనా? కాదు. చాలాసార్లు జబ్బు గేరు బాక్సు బయటే ఉంటుంది. అది ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి కొన్ని పరీక్షలు ఉన్నాయి. వాటికి పైసా ఖర్చు లేదు. ఆ పరీక్షలు ఏమిటో చూద్దాం.

కారుకు గేర్లు ఎందుకు?

నెత్తిన నిండు బిందె పెట్టుకుని మిట్ట ఎక్కుతున్నాం అనుకోండి. అడుగులు ఎలా వేస్తాం? చిన్న చిన్న అడుగులు వేస్తాం. చదును దారి వచ్చాక పెద్ద అడుగులు వేస్తాం. కాళ్ళు అవే. దారిని బట్టి అడుగు మారుతుంది.

కారు కూడా అంతే. నిలబడిన కారు కదలాలంటే బలం కావాలి. అప్పుడు ఒకటో గేరు వేస్తారు. ఒకటో గేరులో బలం ఎక్కువ, వేగం తక్కువ. కారు వేగం అందుకున్నాక రెండు, మూడు, నాలుగు గేర్లు వేస్తారు. పై గేర్లలో వేగం ఎక్కువ, బలం తక్కువ. ఇప్పుడు చాలా కార్లకు ముందుకు పోవడానికి ఐదు గేర్లు ఉంటాయి. వెనక్కు పోవడానికి ఒకటి ఉంటుంది. దాన్ని రివర్సు గేరు అంటారు.

ఈ గేర్లన్నీ పళ్ళ చక్రాలు. అవి ఒక ఇనుప పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె పేరే గేరు బాక్సు. చక్రాలు అరగకుండా ఆ పెట్టెలో ఆయిలు ఉంటుంది.

క్లచ్ ఏం చేస్తుంది?

మీ రెండు అరచేతులు జోడించి గట్టిగా ఒత్తి పట్టుకోండి. కుడి చెయ్యి తిప్పండి. ఎడమ చెయ్యి కూడా దానితో తిరుగుతుంది. ఇప్పుడు చేతులు కొంచెం ఎడంగా పెట్టండి. కుడి చెయ్యి తిప్పండి. ఎడమ చెయ్యి కదలదు.

క్లచ్ చేసే పని ఇదే. కుడి చెయ్యి ఇంజను. ఎడమ చెయ్యి గేరు బాక్సు. కాలితో క్లచ్ పెడల్ నొక్కితే రెండూ విడిపోతాయి. పెడల్ వదిలితే మళ్ళీ కలుస్తాయి. అవి విడిపోయినప్పుడే గేరు మార్చాలి.

క్లచ్ సగమే విడిపోయింది అనుకోండి. పెడల్ మొత్తం నొక్కినా ఇంజను ఇంకా గేరు బాక్సును కొంచెం తిప్పుతూనే ఉంటుంది. తిరిగే పళ్ళలోకి ఇంకో పన్ను ఎలా దూరుతుంది? దూరదు. గేరు గట్టిగా ఉంటుంది. బలవంతం చేస్తే గరగరమంటుంది. చూసేవాళ్ళకు గేరు బాక్సు చెడిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి చెడింది క్లచ్.

పళ్ళు ఎలా కలుస్తాయి?

కదిలే బస్సు ఎక్కేవాళ్ళను చూశారు గదా! అది మంచి పని కాదు. కానీ వాళ్ళు ఏం చేస్తారో గమనించండి. ముందు బస్సుతో పాటు పరుగెత్తుతారు. బస్సు వేగం, తమ వేగం ఒకటి కాగానే కాలు పెడతారు. వేగం కలవకపోతే కింద పడతారు.

గేరు చక్రాలు కూడా అంతే. రెంటి వేగం ఒకటి అయితేనే మెత్తగా కలుస్తాయి. పాత రోజుల్లో ఈ వేగం కలపడం డ్రైవరు పని. అందుకు ప్రతి గేరుకూ క్లచ్ రెండుసార్లు నొక్కేవాళ్ళు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో ఒక కొత్త ఏర్పాటు వచ్చింది. గేరు పడే ముందు ఒక రింగు వచ్చి చక్రాన్ని ఒరుసుకుని వేగం కలుపుతుంది. ఆ తర్వాతే పళ్ళు కలుస్తాయి. దీన్ని సింక్రో రింగు అంటారు. చాలా కార్లలో ఇది ఇత్తడితో చేసి ఉంటుంది. చేత్తో గేరు వేసే ఇప్పటి కార్లలో ముందుకు పోయే గేర్లకు ఈ రింగులు ఉంటాయి. ఏళ్ళ తరబడి ఒరుసుకుంటే ఇత్తడి అరుగుతుంది. అప్పుడు ఆ ఒక్క గేరు గరగరమంటుంది.

రివర్సు గేరుకు చాలా కార్లలో ఈ రింగు ఉండదు. అందుకే కారు పూర్తిగా ఆగాక, క్లచ్ నొక్కి రెండు మూడు సెకన్లు ఆగి రివర్సు వేయాలి. తొందరపడితే శబ్దం వస్తుంది. అది జబ్బు కాదు, తొందర.

ముందు గమనించండి

పిల్లకు జ్వరం వస్తే డాక్టరు ఏం అడుగుతాడు? ఎప్పటి నుంచి? పగలా, రాత్రా? చలి ఉందా? అని అడుగుతాడు. కారుకూ అలాగే అడగాలి.

ఎప్పుడు గట్టిగా ఉంది? పొద్దున్నేనా, రోజంతానా?

ఏ గేరు పడట్లేదు? అన్నీనా, ఒక్కటేనా?

శబ్దం ఉందా? లేక ఊరికే గట్టిగా ఉందా?

ఉన్నట్టుండి వచ్చిందా? మెల్లమెల్లగా పెరిగిందా?

ఈ మధ్య షెడ్డులో ఏమైనా పని చేయించారా? ఆయిలు మార్చారా?

ఈ జవాబులు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మీకు డబ్బు మిగులుస్తుంది.

మూడు పరీక్షలు

కారును చదును నేల మీద పెట్టండి. హ్యాండు బ్రేకు వేయండి. ముందూ వెనకా మనుషులు ఉండకూడదు. పిల్లలను దూరంగా పంపండి. కారు నడపడం వచ్చినవాళ్ళే సీట్లో కూర్చోవాలి.

మొదటి పరీక్ష. ఇంజను ఆపండి. క్లచ్ మొత్తం నొక్కండి. అన్ని గేర్లూ ఒక్కొక్కటే వేసి చూడండి. ఒక్కోసారి పళ్ళు ఎదురెదురుగా నిలిచిపోయి ఒక గేరు పడదు. అప్పుడు క్లచ్ వదిలి, మళ్ళీ నొక్కి చూడండి.

రెండో పరీక్ష. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజను స్టార్టు చేయండి. బ్రేకు మీద కాలు ఉంచండి. క్లచ్ మొత్తం నొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి.

ఇంజను ఆపినప్పుడు గేర్లు తేలిగ్గా పడి, స్టార్టు చేసినప్పుడు పడలేదా? అయితే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ముందు క్లచ్ చూడాలి.

ఇంజను ఆపినా గట్టిగానే ఉందా? అయితే గేరు రాడ్డు కింద ఉండే కడ్డీలో, కేబుల్లో జబ్బు ఉండవచ్చు. లేదా గేరు బాక్సులోనే ఉండవచ్చు.

మూడో పరీక్ష. ఇంజను స్టార్టులో ఉంచండి. బ్రేకు నొక్కండి. క్లచ్ మొత్తం నొక్కి ఒకటో గేరు వేయండి. క్లచ్ నొక్కే ఉంచండి. హ్యాండు బ్రేకు దించండి. ఇప్పుడు బ్రేకు మీద కాలు కొంచెం కొంచెంగా తేలిక చేయండి. క్లచ్ నొక్కి ఉన్నా కారు ముందుకు పాకుతోందా? పాకితే క్లచ్ విడిపోవడం లేదన్నమాట. వెంటనే బ్రేకు నొక్కి ఇంజను ఆపండి.

ఖర్చు లేనివి ముందు చూడండి

క్లచ్ పెడల్ కింద చూడండి. కాళ్ళ కింద వేసే మ్యాటు ముడుచుకుని పెడల్ కిందికి జరిగి ఉంటుంది. లేదా నీళ్ళ సీసా దొర్లి వచ్చి ఉంటుంది. పెడల్ చివరిదాకా దిగదు. క్లచ్ సగమే విడిపోతుంది. మ్యాటు వెనక్కు లాగితే గేరు పడుతుంది. మందపాటి మ్యాటు కొత్తగా వేసిన తర్వాత గేరు గట్టిపడిందంటే ముందు దాన్నే అనుమానించాలి. అదే సీసా బ్రేకు పెడల్ కిందికి పోతే ప్రాణాలకే ముప్పు.

సీటు కూడా చూడండి. సీటు బాగా వెనక్కు ఉంటే పొట్టిగా ఉన్నవాళ్ళ కాలు చివరిదాకా అందదు. సీటు ముందుకు జరుపుకోవాలి. మోకాలు కొంచెం వంగి ఉండగానే పెడల్ మొత్తం దిగాలి.

కేబులు ఉన్న క్లచ్

క్లచ్ పెడల్ నుంచి క్లచ్ దాకా కాలి బలం ఎలా పోతుంది? ఇందుకు రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి కేబులు. సైకిలు బ్రేకు తీగ లాంటిదే, కానీ లావుగా ఉంటుంది. 1983 నుంచి 2014 దాకా మన దేశంలో తయారైన మారుతి 800లో ఇదే ఉండేది.

పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కి చూడండి. మొదట కొంచెం దూరం తేలిగ్గా దిగుతుంది. తర్వాత బరువు తగులుతుంది. తేలిగ్గా దిగే ఆ దూరాన్ని "ప్లే" అంటారు. కేబులు ఉన్న చాలా కార్లలో ఇది సుమారు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటుంది. మీ కారు పుస్తకంలో ఎంత రాశారో అదే సరైన లెక్క.

కేబులు సాగితే ప్లే పెరుగుతుంది. పెడల్ సగం దూరం ఊరికే దిగుతుంది. క్లచ్ పూర్తిగా విడిపోదు. గేరు గట్టిపడుతుంది. దీనికి చేయవలసింది కేబులు బిగించడం. అది కొద్దిసేపటి పని. కేబులు పోగులు తెగి ఉంటే కొత్తది వేయించాలి. గేరు బాక్సు ఖర్చుతో చూస్తే ఇది చాలా చిన్న ఖర్చు. పోగులు తెగిన కేబులు ఒక రోజు మొత్తంగా తెగుతుంది. అది ఘాటు రోడ్డు మీద తెగవచ్చు, రైలు గేటు దగ్గర తెగవచ్చు.

అలాగని మరీ బిగించకూడదు. ప్లే అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంచెం విడిపోయే ఉంటుంది. ఇంజను గోల చేస్తుంది, కారు మాత్రం లాగదు. కాలిన వాసన వస్తుంది. క్లచ్ ప్లేటు త్వరగా అరిగిపోతుంది.

ఆయిలుతో పనిచేసే క్లచ్

రెండో పద్ధతిలో కేబులు ఉండదు. గొట్టంలో ఆయిలు ఉంటుంది. పెడల్ నొక్కితే ఆ ఆయిలు క్లచ్‌ను నెడుతుంది. బ్రేకుల్లో వాడే ఆయిలే ఇందులో వాడతారు. అందుకే దీన్ని కూడా బ్రేకు ఆయిలు అంటారు. బానెట్ ఎత్తితే చిన్న ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దాని మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిలు ఆ రెండు గీతల మధ్య ఉండాలి.

ఆయిలు తగ్గితే గొట్టంలోకి గాలి చేరుతుంది. పెడల్ స్పంజిలాగా మెత్తగా ఉంటుంది. ఒకసారి నొక్కితే గేరు పడదు. నాలుగైదుసార్లు టకటకా నొక్కితే పడుతుంది. ఇది గాలి చేరిందనడానికి, లేదా ఆయిలు కారుతోందనడానికి గుర్తు. మెకానిక్ గాలి తీస్తాడు. కారే చోట రబ్బరు వాషర్లు మారుస్తాడు. గేరు బాక్సు విప్పనక్కర లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఆయిలు ఒకే డబ్బా నుంచి పోతుంది. డబ్బాలో ఆయిలు తగ్గిందంటే బ్రేకులు కూడా ప్రమాదంలో ఉండవచ్చు. పైన పోసుకుంటూ కారు తిప్పకండి. ఎక్కడ కారుతోందో చూపించిన తర్వాతే కారు రోడ్డు మీదికి తీయండి.

ఆ డబ్బాలో ఇంజను ఆయిలు పోయకూడదు. నీళ్ళు పోయకూడదు. ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే పోయాలి. బ్రేకు ఆయిలు విషం. పిల్లలకు అందకుండా పెట్టండి.

గేరు రాడ్డు కింద ఏముంది?

గేరు రాడ్డు కింద కడ్డీలో, కేబుళ్ళో ఉంటాయి. అవి గేరు బాక్సు దాకా పోతాయి. వాటి కీళ్ళలో ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. బుష్ అరిగితే గేరు రాడ్డు వదులుగా ఊగుతుంది. ఏ గేరు ఎక్కడ ఉందో చేతికి తెలియదు. మూడు వేయబోతే ఒకటి దగ్గరికి పోతుంది. దుమ్ము, బురద చేరితే గేరు రాడ్డు బిగుసుకుంటుంది. బుష్‌లు మార్చడం, శుభ్రం చేసి గ్రీజు పెట్టడం చిన్న పనులే. చాలా కార్లలో గేరు బాక్సు విప్పకుండానే చేయవచ్చు.

గేరు ఆయిలు

పొద్దున్నే గేరు గట్టిగా ఉండి, నాలుగైదు కిలోమీటర్లు పోయాక తేలిక అవుతుందా? అయితే గేరు ఆయిలును అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడు ఆయిలు చిక్కగా ఉంటుంది. చలికాలం నెయ్యి గడ్డకట్టినట్టు అనుకోండి. ఆయిలు పాతబడినా, రకం తప్పినా ఈ బాధ ఎక్కువ అవుతుంది.

గేరు ఆయిలు వేరు, ఇంజను ఆయిలు వేరు. చిన్న కార్లలో గేరు ఆయిలు సుమారు రెండు లీటర్లు పడుతుంది. డబ్బా మీద 75డబ్ల్యు-80, 75డబ్ల్యు-90, 80డబ్ల్యు-90 లాంటి అంకెలు ఉంటాయి. జి.ఎల్-4 అనో, జి.ఎల్-5 అనో కూడా రాసి ఉంటుంది. రెండూ ఒకటి కాదు. జి.ఎల్-4 పోయవలసిన గేరు బాక్సులో జి.ఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రో రింగులు సరిగా పట్టకపోవచ్చు, పాడు కూడా కావచ్చు. ఎక్కువ అంకె మంచిది అనుకోకూడదు.

డబ్బా మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడనక్కర లేదు. కారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద దించుకోండి. షాపులో ఆ కాగితాన్ని డబ్బా పక్కన పెట్టి పోల్చండి. అక్షరం అక్షరం కలిస్తేనే కొనండి.

ఆయిలు కారుతోందా? తెలుసుకోవడానికి రాత్రిపూట కారు కింద పాత అట్ట ముక్క పరవండి. పొద్దున్నే చూడండి. నీళ్ళ చుక్కలు అయితే అవి ఏసీ నీళ్ళు కావచ్చు. వాటితో బాధ లేదు. చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేరు ఆయిలు కావచ్చు. ఆ అట్ట ముక్క పారేయకండి. చుక్కలు ఎక్కడ పడ్డాయో మెకానిక్‌కు చూపండి. ఆయిలు లేని గేరు బాక్సు నిజంగానే పాడైపోతుంది. అప్పుడు విప్పక తప్పదు.

నిజంగా లోపలి జబ్బు ఎప్పుడు?

కొన్నిసార్లు జబ్బు లోపలే ఉంటుంది. దాని గుర్తులు ఇవి.

మిగతా గేర్లు అన్నీ బాగా పడతాయి. ఒక్క గేరు మాత్రం కారు పోతుండగా వేస్తే గరగరమంటుంది. ఇది సింక్రో రింగు అరిగిన గుర్తు. మాటిమాటికీ వాడే రెండో గేరుకు ఇది తరచు వస్తుంది.

గేరు వేశాక అదే జారి న్యూట్రల్‌కు వస్తుంది. ఘాటు దిగేటప్పుడు ఇలా జరిగితే కారు చేయి దాటిపోతుంది. దీన్ని రేపటికి వాయిదా వేయకూడదు.

ఒక గేరులో మాత్రమే రొద వస్తుంది. గేరు మారిస్తే పోతుంది.

గేరు ఆయిలు తీసినప్పుడు దానిలో ఇనుప ముక్కలు కనిపిస్తాయి. సన్నని పొడి కొంచెం ఉంటే అది మామూలు అరుగుదల. ముక్కలు ఉంటే మామూలు కాదు.

దించడం వేరు, విప్పడం వేరు

ఈ రెండు మాటలు బాగా గుర్తుపెట్టుకోండి. బిల్లులో తేడా ఇక్కడే వస్తుంది.

క్లచ్ ప్లేటు అరిగిపోయింది అనుకోండి. అది ఇంజనుకూ గేరు బాక్సుకూ నడుమ ఉంటుంది. దాన్ని మార్చాలంటే గేరు బాక్సును కారు నుంచి దించాలి. కానీ గేరు బాక్సును విప్పనక్కర లేదు. మూసిన పెట్టె మూసినట్టే పక్కన పెడతారు. కొత్త క్లచ్ వేసి మళ్ళీ ఎక్కిస్తారు.

సింక్రో రింగు అరిగితే గేరు బాక్సును దించాలి, విప్పాలి కూడా. పెట్టె తెరిచి చక్రాలన్నీ బయటికి తీయాలి. ఖర్చు ఎక్కువ. రోజులు ఎక్కువ.

క్లచ్ కోసం గేరు బాక్సు దించినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ చూపించండి. అరిగితే ఒకేసారి మార్పించండి. ఒక్కటే మార్చి మిగతావి తర్వాత పోతే దించిన కూలి మళ్ళీ ఇవ్వాలి.

షెడ్డులో ఎలా మాట్లాడాలి?

షెడ్డులో ఇలా మాట జరిగింది అనుకుందాం.

"గేరు బాక్సు పోయినట్టుందమ్మా. విప్పాలి."

"ఇంజను ఆపితే అన్ని గేర్లూ పడుతున్నాయి అన్నా. స్టార్టు చేస్తేనే పడట్లేదు."

"అట్లాగా? అన్ని గేర్లూనా?"

"అన్నీ. రివర్సు అయితే గరగరమంటోంది. క్లచ్ నొక్కినా బండి ముందుకు పాకుతోంది. పది రోజుల నుంచి మెల్లగా పెరిగింది. ఇదిగో, రాసి తెచ్చాను."

"అయితే ముందు క్లచ్ కేబులు చూస్తానమ్మా."

"చూడండి. దానితో కాకపోతే నాకు ఫోను చేసి చెప్పండి. నన్ను అడక్కుండా గేరు బాక్సు విప్పొద్దు. ఎంత అవుతుందో కాగితం మీద రాసివ్వండి."

"సామాను బట్టి ఉంటుందమ్మా."

"సామాను వేరే, కూలి వేరే రాయండి. తీసిన పాత సామాను కూడా నాకు ఇవ్వండి అన్నా."

ఈ మాటల్లో పోట్లాట లేదు. అనుమానం లేదు. మంచి మెకానిక్ ఇలాంటి మాటలకు సంతోషిస్తాడు. ఆయనకు వెతికే పని తగ్గుతుంది. మోసం చేయాలనుకునేవాడు మాత్రం వెనక్కు తగ్గుతాడు.

పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందు కారు ఎక్కి చూడండి. అన్ని గేర్లూ వేయించండి. రివర్సు కూడా వేయించండి. బిల్లు చదవండి. ఏ సామాను వేశారు, ఏ తారీఖు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారు అన్నది బిల్లులో ఉండాలి. ఆ బిల్లును దాచిపెట్టండి.

గేరు పాడు చేసే అలవాట్లు

క్లచ్ పెడల్ మీద ఎప్పుడూ కాలు పెట్టి నడపడం. ఇలా చేస్తే క్లచ్ ప్లేటు, బేరింగు త్వరగా అరుగుతాయి.

మిట్ట మీద కారును సగం క్లచ్‌తో నిలబెట్టడం. దానికి బ్రేకు ఉంది.

సిగ్నలు దగ్గర చాలాసేపు క్లచ్ నొక్కి, గేరులోనే ఉంచడం. న్యూట్రల్ చేసి కాలు తీయడం మంచిది.

గేరు రాడ్డు మీద చెయ్యి బరువు వేసి పెట్టుకోవడం. లోపలి భాగాలు ఊరికే ఒరుసుకుంటాయి.

కారు ఇంకా ముందుకు కదులుతుండగానే రివర్సు వేయడం.

గేరు పడకపోతే బలంగా కొట్టడం. పడని గేరును కొడితే చిన్న జబ్బు పెద్దది అవుతుంది. న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, మళ్ళీ నొక్కి మెత్తగా వేయాలి.

పట్టేవాళ్ళకంటే ఎక్కువ మందిని ఎక్కించడం. బరువు ఎక్కువైతే ముందు కాలేది క్లచ్.

దారిలో పోతుండగా క్లచ్ పెడల్ ఒక్కసారిగా కిందికి పడిపోతే కారును మెల్లగా రోడ్డు పక్కకు తీసి ఆపండి. నాలుగు లైట్లూ మిణుకుమనేలా వేయండి. చక్రాల కింద రాళ్ళు పెట్టండి. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి. జాకీ జారితే కారు మనిషి మీద పడుతుంది.

కారుకు ఒక నోటు పుస్తకం

పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. నాలుగు గీతలు గీయండి. మొదటి వరుసలో తారీఖు రాయండి. రెండో వరుసలో కిలోమీటర్లు రాయండి. మూడో వరుసలో ఏం పని చేయించారో రాయండి. నాలుగో వరుసలో ఎంత డబ్బు ఇచ్చారో రాయండి. గేరు ఆయిలు ఎప్పుడు మార్చారు? క్లచ్ ఎప్పుడు వేశారు? కేబులు ఎప్పుడు బిగించారు? అన్నీ దీనిలో ఉంటాయి. ఆరు నెలల కింద మార్చిన క్లచ్‌ను మళ్ళీ మార్చాలి అని ఎవరైనా అంటే ఈ పుస్తకం తెరిచి చూపండి. రేపు కారు అమ్మేటప్పుడు కూడా ఈ పుస్తకం ఉన్న కారుకు మంచి ధర అడగవచ్చు.

కొత్త మాటలు

క్లచ్ : ఇంజనునూ గేరు బాక్సునూ కలిపేది, విడదీసేది.

న్యూట్రల్ : ఏ గేరూ వేయకుండా ఉన్న స్థితి.

సింక్రో రింగు : గేరు చక్రాల వేగం కలిపే రింగు.

ప్లే : పెడల్ తేలిగ్గా దిగే మొదటి కొంచెం దూరం.

ఆలోచించి చెప్పండి

1. ఇంజను ఆపితే గేర్లు పడుతున్నాయి. స్టార్టు చేస్తే పడట్లేదు. ముందు ఏం చూడాలి?

2. పెడల్ నాలుగుసార్లు నొక్కితేనే గేరు పడుతోంది. బానెట్ ఎత్తి ఏ డబ్బా చూడాలి?

3. ఒక్క రెండో గేరు మాత్రమే గరగరమంటోంది. ఏది అరిగి ఉండవచ్చు?

4. గేరు బాక్సు దించడానికీ విప్పడానికీ తేడా ఏమిటి?

5. మీ ఇంట్లో, లేదా మీ వీధిలో ఉన్న కారు గురించి పైన చెప్పిన ఐదు ప్రశ్నలు అడిగి, జవాబులు రాయండి.